కట్ట విప్పి అమ్మకండి



2025 జూన్‌లో ముంబయి వేలం సంస్థ ఒకటి రవీంద్రనాథ్ టాగోర్ జాబులు 35 వేలానికి పెట్టింది. ధూర్జటి ప్రసాద్ ముఖర్జీ అనే మిత్రునికి 1927 నుంచి 1936 దాకా రాసిన జాబులవి. కొన్నింటికి కవర్లు కూడా ఉన్నాయి. మొత్తం కలిపి 5.9 కోట్ల రూపాయలు పలికాయి. లెక్క వేసి చూస్తే ఒక్కో జాబుకు 16 లక్షల పైమాటే. టాగోర్ కవి మాత్రమే కాదు, 'గోరా' వంటి నవలలు రాసిన నవలాకారుడు కూడా. ఆయన చేతిరాతకు అంత ధర పలకడంలో వింత లేదు.

ఆ వార్త మన గ్రూపులో వచ్చినప్పుడు ఇద్దరు ముగ్గురు సరదాగా అడిగారు: "మా ఇంట్లో కూడా పాత కాయితాల కట్టలు ఉన్నాయి, వాటికేమైనా వస్తుందా?" సరదాగా అడిగినా ఆ ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పాలి. మన చెన్నైలో ఒకప్పుడు తెలుగు పత్రికలు, అచ్చాపీసులు, సినిమా కంపెనీలు ఎన్ని ఉండేవో అందరికీ తెలుసు. తంబుచెట్టి వీధిలో ఆంధ్రపత్రిక, వడపళనిలో చందమామ. ఆ రోజుల్లో తెలుగు రచయితలు ఇక్కడే కాపురం ఉన్నారు, ఇక్కడినుంచే జాబులు రాశారు. అవి ఎవరెవరి ఇళ్లలోనో ఇంకా ఉన్నాయి. మన సభ్యుల ఇళ్లలో కూడా ఉన్నాయి.

అందుకని ఈ సంగతి కొంచెం పాతకాలం నుంచి చెప్పుకుందాం. ఆదివారం కాఫీ తాగుతూ చదివేంత పొడుగే, భయపడకండి.

ముందు ఒక చట్టం సంగతి. జాబు ఎవరిది? అందుకున్నవారిదా, రాసినవారిదా? ఇద్దరిదీ. కాగితం అందుకున్నవారి సొత్తు. ఉంచుకోవచ్చు, ఇవ్వవచ్చు, అమ్మవచ్చు. అందులోని మాటలు మాత్రం రాసినవారివి, వారి తరువాత వారి వారసులవి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత బతికుండగా అచ్చయిన రచన మీద హక్కు, ఆయన పోయిన తరువాత 60 ఏళ్లు ఉంటుంది. విశ్వనాథ సత్యనారాయణగారు 1976లో పోయారు కాబట్టి 'వేయిపడగలు' మీద హక్కు 2036 చివరిదాకా నడుస్తుంది. రచయిత పోయేనాటికి అచ్చుకాని జాబయితే ఆ 60 ఏళ్లు మొదటిసారి అచ్చయినప్పటినుంచి లెక్క. అంటే కోటి రూపాయలు పెట్టి జాబు కొన్నవారికి కూడా దాన్ని పుస్తకంగా వేసే హక్కు దానంతట అది రాదు.

ఇంకొక చట్టం 1972 నాటిది, పురావస్తువుల గురించి. శిల్పాలకూ విగ్రహాలకూ నూరేళ్లు నిండితేనే పురావస్తువు. చరిత్రకో సాహిత్యానికో విలువైన రాతప్రతికి 75 ఏళ్లు నిండితే చాలు. అలాంటిదాన్ని ప్రైవేటు మనిషి దేశం దాటించకూడదు. 1950కి ముందు రాసిన జాబులు ఇప్పుడు ఈ లెక్కలోకి వచ్చేశాయి. మన తాతల పెట్టెల్లో ఉన్నవి చాలావరకు ఆ కాలానివే.

ఇక చరిత్ర. రాతప్రతుల కొనుగోలు అమ్మకాలు మన ఊరికి కొత్తకాదు. ఇరవయ్యో శతాబ్దం రాకముందే మద్రాసులో పెద్ద బేరాలు జరిగాయి. కల్నల్ కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి దక్షిణాదిలో ఊరూరి చరిత్రలు, తాళపత్రాలు, శాసనాల నకళ్లు సేకరించాడు. పేరు ఆయనదే కాని, ఊళ్లు తిరిగి కరణాలను అడిగి రాయించి తెచ్చినవారు మన తెలుగువారే. ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. 1821లో మెకంజీ పోయాక ఆ సేకరణ మొత్తాన్ని ఆయన భార్య దగ్గర ఈస్టిండియా కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది. ఆ కాలంలో లక్ష అంటే మాటలా!

కొన్నారు కాబట్టి మిగిలింది. కాని కొన్న తరువాత ఏమైంది? కొంత లండను పోయింది, కొంత కలకత్తాలో ఉండిపోయింది, దక్షిణ భాషలవి మద్రాసుకు వచ్చాయి. ఒకే చోట ఉండవలసిన కట్ట మూడు ఊళ్ల పాలయింది. సేకరణ ఎలా జరిగిందో తెలిసిన కావలి లక్ష్మయ్య ఆ పని తాను కొనసాగిస్తానని ముందుకు వచ్చినా ఆయనకు అప్పగించలేదు. కాగితాలకు ధర కట్టినవారు, వాటిని తెచ్చిన మనిషికి ధర కట్టలేదు.

మెకంజీ తరువాత బ్రౌన్ దొర. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను పెట్టి, తన చేతి డబ్బుతో జీతాలిచ్చి తెలుగు కావ్యాల రాతప్రతులు రాయించాడు, సరిచూపించాడు. లండను వెళ్లినప్పుడు కంపెనీవారి గ్రంథాలయంలో పట్టించుకునేవాడు లేక పడివున్న దక్షిణాది ప్రతులను చూసి, వాటిని మద్రాసుకు పంపించే ఏర్పాటు చేసినవాడూ ఆయనే. ఇవన్నీ కలిసి 1869లో ఏర్పడిన ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి పునాది అయ్యాయి. అది మన చెన్నైలోనే ఉంది. సభ్యులు ఒకసారి పిల్లలను తీసుకుపోయి చూపించండి.

ఆ బ్రౌన్ రాసిన జాబులను వందేళ్లకు పైబడిన తరువాత బంగోరె అనే ఒక పట్టుదల మనిషి వెతికి తీశాడు. అసలు పేరు బండి గోపాలరెడ్డి, నెల్లూరు మనిషి. బ్రౌన్ జాబుల నుంచి ఆయన పుస్తకాలే తయారుచేశాడు. ఎవరు తెలుగు అచ్చు పని చేశారు, ఎవరు పత్రిక పెట్టారు, ఎవరికి ఎంత జీతం అనే సంగతులు వాటిలో దొరికాయి. జాబు రాసేటప్పుడు బ్రౌన్ ఇవన్నీ చరిత్ర అవుతాయని అనుకుని ఉండడు. మామూలు పని మీద రాసిన మామూలు జాబులు. కట్ట ఒకచోట ఉంది కాబట్టి చరిత్ర అయింది.

నవల వచ్చాక కథ మారింది. కావ్యానికి తాళపత్రమే పుస్తకం. నవలకు రాతప్రతి అచ్చాపీసు దాకా పోయే ప్రయాణికుడు మాత్రమే. కంపోజిటరు ముందు పెట్టుకుని అక్షరాలు పేర్చుకుంటాడు, ప్రూఫు వస్తుంది, పుస్తకం వస్తుంది. సిరా మరకలు, వేలిముద్రలు పడిన ఆ కాగితాలను వెనక్కి అడిగేవారు అరుదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 'మాలపల్లి'ని వేలూరు జైలులో రాశారు. అచ్చయిన పుస్తకాన్ని అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అయినా ఈనాడు మనం ఆ నవల చదవగలం. అదే అచ్చు గొప్పతనం.

'వేయిపడగలు' సంగతి ఇంకా విచిత్రం. విశ్వనాథవారు చెబుతూ ఉంటే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాసుకుంటూ 29 రోజుల్లో పూర్తి చేశారు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'తో కలిసి బహుమతి పంచుకున్న నవల అది. ఇప్పుడు ఆలోచించండి. "రచయిత చేతిరాత కావాలి" అనే సేకరణదారుకు ఆ ప్రతి చూపిస్తే ఏమంటాడు? రాత తమ్ముడిది, మాట అన్నది. సంతకం చూసి ధర కట్టే బేరానికి అది లొంగదు. చదువరికి మాత్రం ఆ ఇద్దరు అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చున్న 29 రోజులు అందులో కనబడతాయి.

అందుకే నవలాకారుల విషయంలో రాతప్రతికన్నా జాబులే ఎక్కువ మిగిలాయి. చలంగారు 1950లో తిరువణ్ణామలై వచ్చి, 1979లో పోయేదాకా మన తమిళనాట్లోనే ఉన్నారు. చింతా దీక్షితులుగారికి ఆయన రాసిన ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. నవలల్లో చూసిన చలం ఒకరు, ఆ ఉత్తరాల్లో చూసే చలం ఇంకొకరు. దీక్షితులుగారు ఆ ఉత్తరాలను దాచకపోతే రెండో చలం మనకు దొరికేవాడు కాదు. జాబును కాపాడేది రాసినవాడు కాదు, అందుకున్నవాడు. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

మన చెన్నైలో పుట్టిన నవలాకారుని సంగతి కూడా చెప్పాలి. ఆర్. కె. నారాయణ్ 1906లో పురసవాక్కంలో పుట్టారు, 2001లో చెన్నైలోనే పోయారు. ఆయన మొదటి నవల 'స్వామి అండ్ ఫ్రెండ్స్' రాతప్రతిని లండనులో ఒక్కొక్క ప్రచురణకర్తా తిప్పి పంపుతుంటే, విసిగిపోయి, ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న స్నేహితుడు పూర్ణకు, రాయి కట్టి థేమ్స్ నదిలో పడేయమని రాశారట. స్నేహితుడు ఆ పని చెయ్యలేదు. గ్రహామ్ గ్రీన్ చేతికి ఇచ్చాడు. 1935లో నవల అచ్చయింది. అదే నారాయణ్ రాతప్రతులు, కాగితాలు ఇప్పుడు అమెరికాలో బోస్టన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. అక్కడ హోవర్డ్ గాట్‌లీబ్ అనే అధికారి 1963 నుంచి బతికి ఉన్న రచయితలకే జాబులు రాసి, "మీ కాగితాలు మాకివ్వండి" అని అడిగి పోగుచేశాడు. మన దగ్గర అలా అడిగేవారు ఎంతమంది ఉండినారు? మైసూరులో నారాయణ్ ఉన్న ఇంటిని 2011లో పడగొట్టడం మొదలుపెట్టాక గాని జనం మేలుకోలేదు. తరువాత ఆ ఇంటిని కాపాడి 2016లో మ్యూజియం చేశారు, సంతోషమే. కాని ఇల్లు మైసూరులో, కాగితాలు బోస్టన్‌లో. మాల్గుడి గురించి పరిశోధన చెయ్యాలంటే మన పిల్లవాడు విమానం ఎక్కాలి.

అలాగని బోస్టన్‌వారిని తప్పు పట్టలేం. అక్కడ కట్ట కట్టగానే ఉంది. అడిగినవారికి చూపిస్తారు. అసలు భయం ముక్కలు చేసి అమ్మే బేరంతోనే.

బయటి దేశాల ఉదాహరణలు రెండు చాలు. 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' మూలప్రతిని లూయిస్ కారోల్ స్వయంగా బొమ్మలు వేసి ఆలిస్ అనే చిన్నపిల్లకు ఇచ్చాడు. ఆమె ముసలిదైన తరువాత 1928లో డబ్బు అవసరపడి 15,400 పౌండ్లకు వేలం వేసింది. అది అమెరికా పోయింది. తరువాత అమెరికావారే చందాలు వేసుకుని కొని 1948లో ఇంగ్లండుకు తిరిగి బహుమతిగా ఇచ్చారు. ఒకే పుస్తకం కాబట్టి, ముక్కలు కాలేదు కాబట్టి, తిరిగి రాగలిగింది.

కాఫ్కా కథ వేరు. తన కాగితాలన్నీ కాల్చేయమని ఆయన స్నేహితుడు మాక్స్ బ్రాడ్‌కు రాసిపెట్టాడు. బ్రాడ్ కాల్చలేదు. కాపాడి 1939లో పాలస్తీనాకు మోసుకుపోయాడు. ఆయన తరువాత అవి ఆయన కార్యదర్శి చేతికి వచ్చాయి. ఆమె 1988లో 'ది ట్రయల్' రాతప్రతిని లండనులో పదిలక్షల పౌండ్లకు అమ్మింది. అది జర్మనీ చేరింది. ఆమె పోయిన తరువాత మిగిలినవాటి కోసం ఏళ్ల తరబడి కోర్టు వ్యవహారం. 2016లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు వాటిని జాతీయ గ్రంథాలయానికి ఇమ్మని తీర్పు చెప్పింది. ఒక మనిషి మాట ఒక దేశంలో, మిగతా మాట ఇంకో దేశంలో. ఇచ్చేటప్పుడు "ఇవన్నీ ఫలానా చోటికి" అని గట్టిగా రాసిపెట్టి ఉంటే ఇంత జరిగేది కాదు.

మన ప్రభుత్వం కూడా కొన్నది ఉంది. గాంధీగారు తన మిత్రుడు కాలెన్‌బాక్‌కు రాసిన జాబులు, ఇతర కాగితాలు 2012లో లండనులో వేలానికి రాబోతే, మన ప్రభుత్వం ముందే బేరం చేసి దాదాపు 7 లక్షల పౌండ్లకు మొత్తం కొని జాతీయ అభిలేఖాగారంలో పెట్టింది. మొత్తం అనే మాట గమనించండి. కాని ప్రతి నవలాకారుని కోసం ప్రభుత్వం లండను పోతుందా? పోదు. గాంధీగారికి పోయింది. మన వాళ్లకు మనమే పోవాలి.

మంచి బేరం ఎలా ఉంటుందో చూడాలంటే మనకు దగ్గరలోనే ఉంది. షోళింగనల్లూరు నుంచి ఓఎంఆర్ మీద బస్సు ఎక్కి తరమణి పోతే రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం ఉంది. కోట్టైయూరుకు చెందిన రోజా ముత్తయ్య చెట్టియారు సైన్‌బోర్డులు రాసే కళాకారుడు. జీవితమంతా పాత పుస్తకాలు, పత్రికలు, నాటకాల నోటీసులు, జాబులు, పెళ్లి పత్రికలు కూడా సేకరించాడు. 1992లో ఆయన పోయాక ఆ సేకరణను చికాగో విశ్వవిద్యాలయం కొన్నది. డబ్బు చికాగోది, కాని సేకరణ చెన్నైలోనే ఉంది. ముక్కలు కాలేదు. ఎవరైనా పోయి చదువుకోవచ్చు. కుటుంబానికి డబ్బు, ఊరికి పుస్తకం, చదువరికి దారి, మూడూ దక్కాయి. అమ్మడం తప్పు అని మేము ఎప్పుడూ అనం. ఇలా అమ్మితే దండం పెడతాం.

ఇక మనవాళ్ల కథకు వద్దాం. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో పెద్దబాలశిక్ష మీద నేర్చినవే. మన సభ్యుల్లో సగానికి పైగా అంతే. అలాంటి మనకు కి. రాజనారాయణన్ పేరు కొత్తకాదు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట పుట్టి, తమిళంలో రాసిన కీ.రా. ఆంధ్రదేశం నుంచి ప్రాణాలు, మానం కాపాడుకుని కరిసల్ నేలకు వచ్చి ఊరు కట్టుకున్న మన పూర్వుల కథను 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా ఇచ్చారు. దాని తరువాతి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2021లో పుదుచ్చేరిలో పోయారు. ఆయన చిన్ననాటి స్నేహితుడు, అదే ఊరి రచయిత కు. అళగిరిసామి ఆయనకు రాసిన జాబులు కూడా పుస్తకంగా వచ్చాయి. ఎందుకు రాగలిగాయి? అందుకున్న కీ.రా. వాటిని దాచారు కాబట్టి. అళగిరిసామి 1970లోనే పోయారు. ఆయన గొంతు ఆ జాబుల్లో మిగిలింది.

రైల్వేలో పని చేసిన మాలాంటి గుమాస్తాలకు ఇది సులభంగా అర్థమవుతుంది. పార్సెల్ ఆఫీసులో ఒకే వేబిల్లు మీద అయిదు మూటలు బుక్కయితే, ఒక మూట దారి తప్పినా లెక్క కుదరదు. నాలుగు మూటలు చేరాయి కదా అని ఎవరూ ఊరుకోరు. జాబుల కట్ట కూడా ఒకే వేబిల్లు. పదో జాబులో "నువ్వు చెప్పినట్టే చేశాను" అని ఉంటే తొమ్మిదోది చూడాలి. తొమ్మిదోది ఎవరి గోడ మీదో అద్దంలో వేలాడుతుంటే పదోదానికి అర్థం పోయింది.

ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం చెబుతాం. మన సభ్యుల్లో ఒక కుటుంబం దగ్గర, మద్రాసులో ఒకప్పుడు పేరున్న తెలుగు నవలా రచయిత ఒకరి జాబుల కట్ట ఉంది. కుటుంబం కోరినందువల్ల పేర్లు రాయడం లేదు. పాత ఇల్లు ఇచ్చేసి ఫ్లాటుకు వచ్చేటప్పుడు పెట్టెలో బయటపడింది. పిల్లలకు తెలుగు చదవరాదు. ఒక వ్యాపారి వచ్చి చూసి, సంతకం ఉన్నవి, పెద్దవాళ్ల పేర్లు ఉన్నవి మాత్రం తీసుకుంటానన్నాడట. మిగిలినవి, అంటే ఇంటి అద్దె, ప్రూఫుల బాకీ, కూతురి జ్వరం గురించి రాసినవి, పాత పేపర్లకు వేసుకోమన్నాడట. ఆ కుటుంబానికి డబ్బు అవసరమే. అవసరం లేనట్టు మనం నీతులు చెప్పకూడదు. కాని ఆ పాత పేపర్లకు పోయేవే, ఒక తెలుగు రచయిత ఈ ఊళ్లో ఎలా బతికాడో చెప్పే కాయితాలు. సంతకాలు ఎక్కడైనా దొరుకుతాయి. ప్రూఫుల బాకీ లెక్క ఇంకెక్కడా దొరకదు.

అందుకని అందరికీ పనికివచ్చేటట్టు కొన్ని మాటలు.

కట్ట ఏ వరుసలో ఉందో ఆ వరుసలోనే ఉంచండి. కవర్లు పారేయకండి. తేదీ వెయ్యని జాబుకు కవరు మీది పోస్టు ముద్రే తేదీ. ఆర్.ఎం.ఎస్. ముద్ర ఉంటే ఏ రైలు దారిలో వచ్చిందో కూడా తెలుస్తుంది.

టేపు అతికించకండి, లామినేషన్ చేయించకండి, స్టేపిలర్ కొట్టకండి. కాటన్ గుడ్డలో కట్టి తేమ తగలని చోట పెట్టండి. ఈ సముద్రపు గాలికి కాగితం త్వరగా చెడుతుంది. వరద నీరు గుర్తుంది కదా, కింది అరల్లో వద్దు.

ఫోనుతో రెండు వైపులా ఫొటో తీయండి. ఒక నోటు పుస్తకంలో నంబరు, తేదీ, ఎవరు ఎవరికి, ఎన్ని పుటలు అని రాయండి. అమ్మినా ఇచ్చినా ఆ జాబితా కుటుంబం దగ్గర ఉండాలి.

బతికి ఉన్నవారి సొంత విషయాలు ఉన్న జాబులను గ్రూపులో పెట్టకండి. రచయిత వారసులను అడగకుండా అచ్చు వెయ్యకండి.

ఇచ్చేటప్పుడు, అమ్మేటప్పుడు మూడు షరతులు కాగితం మీద రాయించుకోండి. కట్ట విడదీయకూడదు. చదువుకునేవారికి చూపించాలి. నకలు ఒకటి కుటుంబానికి ఇవ్వాలి. గ్రంథాలయాలను ముందుగా కలిసి, తీసుకుంటారా, ఎలా ఉంచుతారు అని అడగండి. ఈ మూడింటికీ ఒప్పుకునే సేకరణదారు దొరికితే ఆయనకే అమ్మండి, తప్పులేదు.

మన సంఘం చెయ్యగలిగిందీ ఒకటి ఉంది. గొలుసుకట్టు తెలుగు రాత చదవగలిగిన పెద్దలు మనలో ఇంకా పదిమంది దాకా ఉన్నాము. పదేళ్ల తరువాత ఎంతమంది ఉంటామో చెప్పలేం. నెలకు ఒక ఆదివారం సంఘం హాల్లో కూర్చుని, ఎవరి ఇంటి కట్ట వాళ్లు తెస్తే చదివి, జాబితా రాసి, సాయంత్రానికి అదే వరుసలో కట్టి వాళ్ల చేతికే ఇచ్చేద్దాం. ఒక్క కాగితం కూడా హాల్లో ఉంచుకోవద్దు. దీని గురించి వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నాం. పైన చెప్పిన కుటుంబం వ్యాపారికి ఇంకా మాట ఇవ్వలేదు, సమావేశం దాకా ఆగుతామన్నారు. దయచేసి ఆరోజు అందరూ రండి. కళ్లద్దాలు మరచిపోవద్దు.